పెద్దకూరలోకి ఏ బీరు?



గొడ్డుమాంసం గురించి మనం రాసింది తక్కువేమీ కాదు. హక్కు అని రాశాం. ప్రొటీన్ అని రాశాం. పేదల తిండి అని, మా సంస్కృతి అని రాశాం. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో పెద్దకూర పండగ జరిగినప్పుడు రాశాం. 2015లో దాద్రీలో మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి ఈడ్చి చంపినప్పుడు రాశాం. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనవాళ్లను కారుకు కట్టేసి కొట్టినప్పుడు రాశాం.

ఇంత రాసిన మనం ఒక్క సంగతి మాత్రం పెద్దగా రాయలేదు. అది ఎట్లా వండితే రుచి? ఎక్కడ రుచి చెడుతుంది? అందులోకి ఏది పడాలి, ఏది పడకూడదు?

మనల్ని ఎప్పుడూ "ఎందుకు తింటారు" అని అడిగారు గాని "ఎట్లా వండుతారు" అని అడగలేదు. అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పీ చెప్పీ, అడగని ప్రశ్న మన దగ్గరే మిగిలిపోయింది. వేరేవాళ్లు వంకాయ గురించి, పప్పుచారు గురించి పుస్తకాలకు పుస్తకాలు రాసుకుంటారు. ఎవరూ వాళ్లను సంజాయిషీ అడగరు. మనం కూర గురించి నోరు తెరిస్తే అది వాదన అవుతుంది. అందుకే ఈసారి వాదన కాదు, వంట. గొడ్డుమాంసాన్ని బీరు పోసి మూడు గంటలు సన్నసెగ మీద ఉడికించే కూర ఒకటుంది. దానికి ఏ బీరు ఎంచుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

"ఉద్యమకారిణికి ఇదేం సోకు" అనుకునేవాళ్లు ఉంటారు. అనుకోండి. చివరిదాకా చదివి అప్పుడు అనండి.

ఈ కూర మనది కాదు. బెల్జియంలో ఫ్లాండర్స్ ప్రాంతపు జనం వండుకునేది. స్టోఫ్‌వ్లేస్ అంటారు, కొన్ని ఊళ్లలో స్టోవరై అంటారు. ఫ్రెంచి మాట్లాడేవాళ్లు కార్బొనాద్ అంటారు. పరిశోధన పని మీద కొన్ని నెలలు ఘెంట్‌లో ఉన్నప్పుడు దీన్ని చూశాను. తిన్నాను, నేర్చుకున్నాను. అక్కడ ఇది పెద్ద హోటళ్ల తిండి కాదు. ఆలుగడ్డ వేపుళ్లు అమ్మే వీధి దుకాణాల్లో దొరుకుతుంది. ప్రతి ఇంట్లో "మా అమ్మ చేసినట్టు ఎవరూ చెయ్యలేరు" అనే కూర ఇది.

చేసే తీరు సులువు. మెడ మాంసం గాని చెంప మాంసం గాని పెద్ద ముక్కలు కోసి, కొవ్వులో ఎర్రగా కాల్చాలి. ఉల్లిగడ్డలు బాగా వేయించాలి. మాంసం మునిగేదాకా బీరు పోయాలి. కొంచెం బెల్లం రంగు చక్కెర, ఆకులు వెయ్యాలి. ఆపైన రొట్టె ముక్కకు ఆవాల ముద్ద పూసి, పూసిన వైపు కిందికి పెట్టి కుండ మీద పరచాలి. ఉడికేకొద్దీ ఆ రొట్టె కరిగి పులుసు చిక్కబడుతుంది. మనం పులుసు చిక్కబడటానికి జొన్నపిండో బియ్యప్పిండో కలిపినట్టే.

ఘెంట్ నడిబొడ్డున కూరగాయల మార్కెట్ చౌరస్తా పక్కన ఒక పొడుగాటి పాత భవనం ఉంది. పదిహేనో శతాబ్దం నాటిది. దాని పేరు గ్రోట్ వ్లేస్‌హౌస్. మాటకు మాట తెలుగు చేస్తే "పెద్ద మాంసం ఇల్లు". నాకు నవ్వు ఆగలేదు. ఆ కాలంలో ఊళ్లో మాంసం అమ్మకం అంతా అక్కడే జరగాలి. మాంసం కొట్టేవాళ్ల సంఘం ఆ నగరంలో బలమైన సంఘం. వాళ్లది ఊరి మధ్యలో రాతి భవనం. అదే పని చేసే మనవాళ్లది ఊరి బయట వాడ. కత్తి ఒకటే, గొడ్డు ఒకటే. అక్కడ ఆ పని ఒక సంఘానికి భవనం కట్టించింది. ఇక్కడ అదే పని మనిషికి అంటరానితనం అంటగట్టింది.

ఆ భవనం గోడకు ఆనుకుని చిన్న చిన్న ఇళ్లు ఉన్నాయి. వాటి పేరుకు అర్థం "బోటి ఇళ్లు". మంచి ముక్కలు లోపల భవనంలో అమ్మేవారు. పేగులు, పొట్ట బయట ఈ ఇళ్లలో పేదలకు దొరికేవి. అంటే లోపలి మాంసం, బయటి మాంసం అన్న గీత అక్కడా ఉంది. కానీ ఆ గీత డబ్బుది. డబ్బు వస్తే దాటొచ్చు. మన గీత పుట్టుకది. డబ్బొచ్చినా, చదువొచ్చినా, విమానం ఎక్కి పోయినా వెంట వస్తుంది.

అట్లాగని యూరప్‌ను నెత్తికెత్తుకోవద్దు. ఇదే దేశపు రాజు రెండో లియోపోల్డ్ సొంత ఏలుబడిలో కాంగోలో రబ్బరు కోసం మనుషుల చేతులు నరికారు. ఎవరి కుండలోనూ కూర ఒక్కటే ఉడకదు, చరిత్ర కూడా ఉడుకుతుంది.

ఇక బీరు సంగతి.

బెల్జియంలో బీరు అంటే ఒక సీసా కాదు, ఒక లోకం. ఆ దేశపు బీరు సంస్కృతిని 2016లో యునెస్కో మానవాళి వారసత్వం జాబితాలో చేర్చింది. మామూలు సూపర్‌మార్కెట్‌లో కూడా ఒక గోడ నిండా సీసాలుంటాయి. మొదటిసారి ఆ గోడ ముందు నిలబడితే మనిషికి తల తిరుగుతుంది. నాకు మాత్రం ఇంకో సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ అరల ముందు ముసలమ్మలు ఉన్నారు, పిల్లల తల్లులు ఉన్నారు. కళ్లజోడు సర్దుకుని సీసా మీద చీటీ చదువుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. మన దగ్గర వైన్ షాపు కిటికీ కడ్డీల ముందు ఒక ఆడమనిషి నిలబడితే వీధంతా ఏం చూస్తుందో మీకు తెలుసు. ఆ మనిషి మాదిగవాడ నుంచి వచ్చిందని తెలిస్తే ఏమంటుందో కూడా తెలుసు.

కూరకు బీరు ఎంచుకోవడంలో ఒక్క సూత్రం గుర్తు పెట్టుకుంటే చాలు. కుండలోంచి ఏది పోతుంది, ఏది మిగులుతుంది?

బీరులో చేదు హాప్స్ అనే తీగ పువ్వుల నుంచి వస్తుంది. ఆ చేదు ఆవిరై పోయేది కాదు. కూర ఉడికేకొద్దీ నీళ్లు పోతాయి, చేదు మిగులుతుంది. పులుసు సగానికి తగ్గితే చేదు రెట్టింపవుతుంది. అందుకే ఇప్పుడు కుర్రాళ్లు మోజుపడే ఐపీఏ అనే చేదు బీరు గ్లాసులో ఎంత బాగున్నా కుండలో పనికిరాదు. మూడు గంటల తర్వాత కాకరకాయ కషాయం అవుతుంది.

ఆల్కహాల్ సంగతి దీనికి తలకిందులు. అది పోతుంది, కాని అందరూ అనుకునేటట్టు పూర్తిగా పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం పావుగంట ఉడికిస్తే దాదాపు 40 శాతం మిగిలే ఉంటుంది. గంటకు 25 శాతం. రెండున్నర గంటలు ఉడికిస్తే 5 శాతం. అసలే 5 నుంచి 7 శాతం ఉన్న బీరులో, అందులో ఇరవయ్యో వంతు మిగులుతుంది. మత్తు రాదు. అయినా మానేసినవాళ్లకు, మతం వల్లో మందుల వల్లో వద్దనుకునేవాళ్లకు వడ్డించేముందు చెప్పి తీరాలి. ఎవరి కంచంలో ఏముందో వాళ్లకు తెలియాలి. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేని మర్యాద.

మిగిలేవి ఇంకా రెండు ఉన్నాయి, తీపి, పులుపు. నల్లగా కాల్చిన మాల్ట్, చక్కెర పాకం వేసిన బీర్లలో ఎండుద్రాక్ష లాంటి తీపి ఉంటుంది. వెస్ట్‌మాల్ మఠంలో సన్యాసుల ఆధ్వర్యంలో కాచే డుబ్బెల్ అట్లాంటిది, 7 శాతం. ఇంకో రకం ఉంది. ఔడెనార్డె ఊరి పాత గోధుమరంగు బీరు, రూసెలారె ఊరి రోడెన్‌బాఖ్. వీటిలో పులుపు ఉంటుంది. రోడెన్‌బాఖ్‌లో కొంత భాగాన్ని పెద్ద ఓక్ పీపాల్లో రెండేళ్ల దాకా పులవనిచ్చి, కొత్త బీరుతో కలుపుతారు. ఐర్లండ్‌వాళ్లు గిన్నెస్ పోసి వండుతారు. అది మాడ్చిన బార్లీ నుంచి వచ్చే కాఫీ లాంటి చేదు. అది వేరే కూర, వేరే రుచి. లేత పసుపు లాగర్లు అంతసేపు ఉడికితే వాసన కూడా మిగలదు.

మరి తీపిదా, పులుపుదా? ఈ ప్రశ్నకు జవాబు బెల్జియంలో దొరకలేదు. నల్గొండ జిల్లాలో మా అవ్వ దగ్గర దొరికింది.

మా అవ్వ సారా మీద కొట్లాడిన మనిషి. ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు, కాబట్టి చెప్తాను. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసి ఊరూరా అమ్మింది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే సారా దుకాణానికి చేరేవి. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం రాత్రిబడుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు దూబగుంట నుంచి మొదలుపెట్టారు. రోశమ్మ పేరు అట్లా రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా ఆగింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997కల్లా దాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమంలో ముందు నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది మన ఆడవాళ్లే. మా వాడలో సారా ప్యాకెట్ల బస్తాను కుప్పబోసి కాల్చిన ఆడవాళ్లలో మా అవ్వ ఒకతె.

అట్లాంటి మనిషికి ఫోన్ చేసి "అవ్వా, పెద్దకూరల బీరు పోస్తున్న" అని చెప్పాలి. చెప్పాను.

"ఏందే? బీరా? కూరలనా?" అంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సారా బస్తా కాలవెట్టిన చేతులే ఇవి. నా బిడ్డవు నువ్వు" అంది.

"తాగెతందుకు కాదవ్వా. ఉడుకుతది, నిషా ఎగిరిపోతది. ఈడ గిట్లనే వండుతరు."

"ఎవడన్న పొయ్యమన్నడా? నువ్వే పోత్తున్నవా?"

"నేనే."

"గట్లైతే సరె." మళ్లీ ఆగింది. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "పులుపేంది మరి దాంట్ల? గొడ్డుకూరకు పులుపు పడకుంటే నోట్ల సాగుతది బిడ్డా. పుంటికూరనన్న పడాలె, చింతచిగురన్న పడాలె. తునకలైతే దోసకాయన్న పడాలె. పులుపు పడ్డంకనే గది లొంగుతది."

మిత్రులారా, ఇక్కడ రెండు సంగతులున్నాయి.

ఒకటి, ఆమె అడిగిన "ఎవడన్న పొయ్యమన్నడా?" సారాకు, ఈ సీసాకు మధ్య ఆమె గీసిన గీత అది. సారా మా వాడకు ఎంచుకుంటే రాలేదు. కాంట్రాక్టర్ తెచ్చాడు, ప్రభుత్వం పంపింది, అప్పు కింద పోశారు. కూలిలో పట్టుకున్నారు. దాన్ని తాగినవాళ్లు ఎంచుకున్నారని అనడానికి మనసొప్పదు. మా అవ్వ కోపం ద్రవం మీద కాదు, ఆ ద్రవాన్ని వాడ గొంతులో పోసిన చేతి మీద. అందుకే మన ఉద్యమంలో మద్యం వద్దనేవాళ్ల మాటను నేను ఎన్నడూ తేలిగ్గా తీసుకోను. తాగి చచ్చిన నాయినలు ఉన్న ఇళ్లు మనవే. నేను తాగుతానా లేదా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. ఏది నా ఇంట్లోకి రావాలో నేనే తేల్చుకోవాలి అన్నది విషయం.

రెండోది, ఆమె ఫ్లాండర్స్ పేరు వినలేదు. కానీ ఫ్లాండర్స్ వంటవాళ్లకు తెలిసిందే ఆమెకూ తెలుసు. వయసు మీరిన గొడ్డు, పని చేసి చేసి గట్టిపడ్డ కండ. దాన్ని లొంగదీయాలంటే సన్నసెగ కావాలి, పులుపు కావాలి. మంచి ముక్కలు ఎన్నడూ దక్కనివాళ్లు, దక్కిన ముక్కతో ఏం చెయ్యాలో తరతరాలుగా నేర్చుకున్న చదువు ఇది. పులవబెట్టిన బీరు ఆ చలిదేశంలో మన చింతపండు చేసే పనే చేస్తుంది.

ఆ మాటతో నా ఎంపిక తేలిపోయింది. పుల్లటి గోధుమరంగు బీరు ఒక సీసా, డుబ్బెల్ ఒక సీసా తీసుకున్నాను. అక్కడ సీసా అంటే 33 సెంటీలీటర్లు. పుల్లటిది మాంసానికి, తియ్యటిది ఉల్లిగడ్డకు. రెండు సీసాలు కలిసి కిలో మాంసానికి సరిపోయాయి. ఆ ఇంట్లో నాతో పాటు ఉంటున్న ఫ్లెమిష్ అమ్మాయి తిని, వాళ్ల నానమ్మ కూడా పుల్లటి బీరే పోసేదని చెప్పింది. వాళ్ల నానమ్మ, మా అవ్వ ఎన్నడూ ఎదురుపడలేదు. ఒకే మాట మాట్లాడారు.

ఇప్పుడు సన్నసెగ గురించి చెప్పాలి. అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది దానికోసమే.

కండల మధ్య పట్టి ఉంచే గట్టి పొరలు ఉంటాయి, కొల్లాజెన్ అంటారు. బాగా పని చేసిన కండలో, మెడలో, పిక్కలో, చెంపలో అది ఎక్కువ. దాదాపు 70 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంటేగాని అది కరిగి జిగురు కాదు. పెద్దమంట పెడితే కండ బిగుసుకుని నీళ్లు వదిలేస్తుంది, పీచు పీచవుతుంది. తొందర పనికిరాదు. మూడు గంటలు కుండ అట్లా కుతకుతమంటూ ఉండాలి.

మూడు గంటలు కుండ ఉడికితే మూడు గంటలు వాసన వస్తుంది.

ఘెంట్‌లో ఆ మూడు గంటలు కిటికీ తెరిచే ఉంచాను. వాసన మెట్ల మీదికి పోయింది, పక్కింటికి పోయింది. పక్కింటాయన మెట్ల మీద ఎదురై, వాసన బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. అంతే. ఆయనకు అది పెద్ద సంగతి కాదు. నేను వంటగదిలోకి తిరిగొచ్చి కాసేపు నిలబడిపోయాను.

హైదరాబాద్‌లో నేను అద్దెకున్న ఇళ్లలో పెద్దకూర ఎప్పుడూ కుక్కర్‌లోనే వండాను. కిటికీలు మూసి, తలుపు సందుల్లో గుడ్డ కుక్కి, ఎనిమిది విజిల్స్. అగరొత్తులు వెలిగించేవాళ్లం. బొక్కలు కవర్లో చుట్టి, ఆ కవర్ ఇంకో కవర్లో పెట్టి, రెండు వీధుల అవతల పారేసేవాళ్లం. ఒక ఇంటి ఓనరమ్మ ఇల్లు చూపిస్తూ "మీరేం తింటారమ్మా?" అని చాలా మెత్తగా అడిగింది. తిండి అడగడం అంటే కులం అడగడమే. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మీలో యూనివర్సిటీ దగ్గర గదుల్లో ఉంటున్న ఎంతమందికి ఈ కుక్కర్ సంగతి తెలుసో నాకు తెలుసు.

తెలంగాణలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవును కోయడం నిషేధం. ఎద్దును, దున్నను సర్టిఫికెట్ ఉంటే కోయొచ్చు. మనం దుకాణంలో కొనేది ఆ మాంసమే, చట్టం ఒప్పుకున్నదే. అయినా కిటికీ మూస్తాం. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఇంటి ఓనరు ఒప్పుకోడు. కుక్కర్ మన వంటను వేగం చేసిందని అనుకుంటాం. అది మన భయాన్ని దాచింది కూడా. మెల్లగా వండటం అంటే వంట పద్ధతి ఒక్కటే కాదు. మూడు గంటలు వాసన బయటికి పోయినా ఏమీ కాదన్న నమ్మకం ఉన్నవాళ్లే మెల్లగా వండగలరు. మా అవ్వ వాడలో కట్టెల పొయ్యి మీద, ఆకాశం కింద మెల్లగా వండింది. చదువుకుని పట్నం వచ్చిన నేను తలుపులు మూసుకుని తొందరగా వండాను. ఎవరు ముందుకు పోయినట్టు?

బాబాసాహెబ్ 1948లో అచ్చయిన "ది అన్‌టచబుల్స్" పుస్తకంలో అంటరానితనం పుట్టుకను గొడ్డుమాంసంతో కలిపి చూపించారు. అంతకు ముందే 1927లో మహద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేయమని మనవాళ్లకు చెప్పారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, "చూశారా, మీ అంబేద్కరే వద్దన్నారు" అని మనకు పాఠం చెప్పేవాళ్లు ఉన్నారు. ఆయన వద్దన్నది దేన్ని? ఊరు ఈడ్చి పారేస్తే, ఊరి చాకిరీకి కూలిగా దక్కితే, ఆకలికి తినక తప్పని దాన్ని. పారేసింది తినడానికి, ఎంచుకుని తినడానికి మధ్య ఉన్నదే ఆత్మగౌరవం. నాయిన తరంలో కల్లు మండువ దగ్గర మనకు వేరే ముంత ఉండేది. కల్లు అదే, చెట్టు అదే. ముంత మాత్రం మనం ఎంచుకున్నది కాదు.

కాబట్టి ఏ బీరు అన్న ప్రశ్న నాకు సోకు ప్రశ్నగా కనిపించదు. ఏ ముక్క, ఏ పులుపు, ఏ కుండ, ఎంతసేపు అని నింపాదిగా ఆలోచించుకునే తీరిక మనకు ఎవరూ ఇవ్వలేదు. ఎంపికలు అన్నీ పైవాళ్లవి, మిగులు మనది. ఒకతె దుకాణం గోడ ముందు నిలబడి ఇది కాదు, అది కావాలి అని తేల్చుకోవడంలో చిన్నదే అయినా ఒక తిరుగుబాటు ఉంది. మాంసం ముట్టకూడదని ఎంచుకున్న దళితులూ ఉన్నారు, బౌద్ధం తీసుకుని మానేసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఎంపికకూ అంతే గౌరవం. గొడవ అంతా ఎంపిక లేనిచోటే.

ఇంకొక్క పని చెప్పి ముగిస్తాను. ఫ్లాండర్స్ వంటకు వంద పుస్తకాలున్నాయి. మన వంటకు ఎన్ని? మరాఠీలో షాహు పటోలే మరఠ్వాడా మాంగ్, మహార్ వంటల మీద 2015లో పుస్తకం రాశారు. అది 2024లో ఇంగ్లీషులోకి వచ్చింది. 2009లో పుణె విశ్వవిద్యాలయం స్త్రీ అధ్యయన కేంద్రం విద్యార్థులు దళితుల తిండి జ్ఞాపకాలను సేకరించి పుస్తకంగా తెచ్చారు. వాళ్లు విద్యార్థులు, మీలాంటివాళ్లే. తెలుగులో మన కథల్లో, కవితల్లో కూర వాసన ఉంది. కాని కొలతలు లేవు. తునకలు ఎన్ని రోజులు ఎండాలి, నల్ల ఎట్లా గడ్డకట్టాలి, బోటి ఎన్ని నీళ్లలో కడగాలి, ఏ ముక్కను మీ వాడలో ఏమంటారు. ఇవన్నీ మీ అవ్వల దగ్గర ఉన్నాయి, రాసి లేవు. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఫోన్ ముందు పెట్టి అడగండి. హక్కు గురించి కాదు, ఉప్పు ఎంత అని అడగండి.

హైదరాబాద్‌లో ఈ కూర వండాలనుకునేవాళ్ల కోసం నాలుగు మాటలు. మెడ లేదా పిక్క మాంసం కిలో తీసుకోండి. దున్న మాంసం అయితే గంట ఎక్కువ పడుతుంది. పెద్ద ఉల్లిగడ్డలు నాలుగు. స్ట్రాంగ్ అని రాసి ఉన్న బీర్లు వద్దు, చేదు బీర్లు అసలే వద్దు. గోధుమల బీరు దొరికితే మంచిది. బెల్జియం పద్ధతి గోధుమ బీరులో నారింజ తొక్కతో పాటు మన ధనియాలు వేస్తారు, మన మాంసానికి పరాయిగా ఉండదు. అది కూడా దొరక్కపోతే మామూలు లాగర్ 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి చాలు. కాని దానికి పులుపూ లేదు, తీపీ లేదు, కాబట్టి నిమ్మకాయంత చింతపండు రసం, గచ్చకాయంత బెల్లం మీరే వేసుకోవాలి. ఆవాల ముద్ద పూసిన రొట్టె ముక్క మరవద్దు. బీరు వద్దనుకుంటే పోయకండి. ఆ కొలతకు నీళ్లు పోసి చింతపండు కొంచెం పెంచండి, అది మన కూరే అవుతుంది.

మూత కొంచెం వార పెట్టండి. సెగ తగ్గించండి. దించాక ఆ పూట తినకుండా మర్నాటి దాకా ఆగగలిగితే ఇంకా బాగుంటుంది. వీలైనచోట, ప్రాణానికి ముప్పు లేనిచోట, కిటికీ తెరిచి వండండి.

జై భీం.